హోస్టెడ్ కేటలాగా, పంచౌటా? పెద్ద కంపెనీలకు సరుకు వేసే సప్లయర్లు ఏది ఎంచుకోవాలి

రాణిగంజ్‌లో బేరింగులు అమ్మేవాళ్లకైనా, బాలానగర్ నుంచి సేఫ్టీ సామాను వేసేవాళ్లకైనా, పరవాడ ఫార్మాసిటీకి ల్యాబ్ సామాను పంపేవాళ్లకైనా ఒకే తరహా మెయిల్ వస్తుంటుంది. కస్టమర్ రాసేది ఇది: కొనుగోళ్లన్నీ ఎస్ఏపీ అరిబా, కూపా, ఒరాకిల్ లాంటి కొనుగోలు సాఫ్ట్‌వేర్‌లోకి మార్చాం. ఇకమీద ప్రతి ఇండెంట్‌కూ (కావాల్సిన సరుకు అడిగే పత్రానికి) కొటేషన్ అడగం. మీ ఐటెమ్‌లు, రేట్లు కేటలాగ్‌గా పెట్టండి, మా వాళ్లు అందులోంచే ఎంచుకుంటారు. చివర్లో ఒక ప్రశ్న: హోస్టెడా, పంచౌటా? జవాబుకు వారం గడువు.

ఇక్కడ చాలామంది రెండు పనుల్లో ఒకటి చేస్తారు. పేరు కొత్తగా ఉంది కాబట్టి అదే మేలనుకుని పంచౌట్ అని రాసేస్తారు. లేదా తెలిసిన వెబ్‌సైట్ అబ్బాయికి ఫోన్ చేసి, అతనికి ఏది చేతనైతే దానికి ఒప్పుకుంటారు. రెండూ ఖరీదైన పద్ధతులే.

నా లెక్కలో తేల్చుకోవాల్సింది ఒక్కటే. ఒప్పుకున్న రేటు ఎవరి సిస్టమ్‌లో ఉండాలి, కస్టమర్ దగ్గరా, మీ దగ్గరా? హోస్టెడ్ అంటే మీ రేట్ల పట్టీ తీసుకెళ్లి కస్టమర్ గోడకు అంటించడం. పంచౌట్ అంటే అదే గోడకు మీ షాపులోకి ఒక తలుపు పెట్టడం. ఖర్చు, శ్రమ, గొడవలు అన్నీ ఈ తేడాలోంచే పుడతాయి.

## ముందు మీ షాపు లెక్క చూసుకోండి

రేటు ఎంత తరచుగా కదులుతుంది? సేఫ్టీ షూ, స్టేషనరీ, హౌస్‌కీపింగ్ సామాను అయితే ఏడాదికి ఒకటి రెండుసార్లు. రాగి కేబుల్, స్టెయిన్‌లెస్ స్టీలు పైపు అయితే లోహం రేటు ఎటు పోతే అటే. దిగుమతి చేసుకునే కెమికల్స్ అయితే డాలర్ వెంట. మిగతా లెక్కలన్నిటికంటే దీనికే ఎక్కువ బరువు ఇవ్వండి.

ఈ కస్టమర్ కొనే ఐటెమ్‌లు ఎన్ని? మీ షాపులో ఉన్నవన్నీ లెక్కలోకి రావు. గోడౌన్‌లో వేల రకాలు ఉండొచ్చు. ట్యాలీలో (మీ అకౌంట్స్ సాఫ్ట్‌వేర్‌లో) ఆ ఒక్క పార్టీకి గత రెండేళ్ల ఐటెమ్‌వారీ అమ్మకాల రిపోర్టు తీసి చూడండి. చాలా షాపుల్లో ఆ జాబితా అనుకున్నదానికంటే చిన్నదే వస్తుంది. కేటలాగ్ దాంతోనే మొదలవ్వాలి.

వస్తువు రెడీమేడా, అడిగినట్టు చేసిచ్చేదా? విజిటింగ్ కార్డు మీద పేరు, యూనిఫాం మీద లోగో, కావాల్సిన పొడవుకు కోసిచ్చే హోస్ పైపు లాంటివి ఒక ఎక్సెల్ వరుసలో ఇమడవు.

ఎవరు చూసుకుంటారు? కేటలాగ్ పెట్టడం ఒక నెల పని. దాన్ని తాజాగా ఉంచడం కాంట్రాక్టు ఉన్నంతకాలం ఉండే పని. అకౌంట్స్ చూసే వ్యక్తికే దీన్నీ అంటగడితే జీఎస్టీ రిటర్నుల వారంలో కేటలాగ్ మూలన పడుతుంది.

ఇలా అడిగే కస్టమర్లు ఎంతమంది? ఒక్కరికోసం పెట్టే ఖర్చు వేరు. నలుగురు అడుగుతున్నారంటే లెక్క మారిపోతుంది.

## ఒక్క చూపులో

| | రేటు ఎవరి చేతిలో | ఎన్ని ఐటెమ్‌లకు నప్పుతుంది | మొదట్లో శ్రమ | తర్వాత శ్రమ | ఎక్కడ దెబ్బ తగులుతుంది |
|---|---|---|---|---|---|
| రేట్ కాంట్రాక్ట్, ఎక్సెల్ | కస్టమర్ | పదుల్లో | తక్కువ | తక్కువ | ఆర్డర్లు చేతిరాత వర్ణనలతో వస్తాయి |
| హోస్టెడ్ కేటలాగ్ | కస్టమర్ | పదుల నుంచి కొన్ని వేల వరకు | డేటా పని ఎక్కువ | రేటు మారినప్పుడల్లా ఫైల్ | ఆమోదం వచ్చేదాకా పాత రేటే |
| పంచౌట్ | మీరు | వేలు, లేదా అడిగినట్టు చేసేవి | సైట్, టెస్టింగ్ ఎక్కువ | సైట్ ఎప్పుడూ నడుస్తుండాలి | సైట్ ఆగితే ఆర్డర్లూ ఆగుతాయి |
| బిజినెస్ మార్కెట్‌ప్లేస్ | మీరే, కానీ పోటీదారుల పక్కన | ఎన్నైనా | మధ్యస్థం | మధ్యస్థం | కస్టమర్ మీ కస్టమర్‌గా మిగలడు |
| జెమ్ (ప్రభుత్వ కొనుగోలు పోర్టల్) | మీరే, నిబంధనలకు లోబడి | ఎన్నైనా | పత్రాల పని ఎక్కువ | మధ్యస్థం | ప్రైవేటు కంపెనీలకు పనికిరాదు |

## రేట్ కాంట్రాక్ట్, ఎక్సెల్ జాబితా

దీన్ని పాతదని కొట్టేయకండి. కస్టమర్ ఎస్ఏపీలో ప్రతి వస్తువుకూ మెటీరియల్ కోడ్ ఉండి, మీ రేట్లు అందులో కాంట్రాక్టుగా ఎక్కించి ఉంటే, స్టోర్స్ వాళ్లు కోడ్ కొట్టగానే రేటు దానంతట అదే వస్తుంది. ప్లాంట్ మెయింటెనెన్స్ స్పేర్లకు ఇది బాగా నడుస్తుంది. ముప్పై నలభై ఐటెమ్‌లే ఉంటే, కోడ్లున్న కాంట్రాక్టే చాలదా అని మీరే ఎదురు అడగండి. చాలాసార్లు పర్చేజ్ వాళ్లు సప్లయర్లందరికీ ఒకే మెయిల్ పంపి ఉంటారు. మీ ఒక్కరి సంగతి విడిగా చూసి ఉండరు.

చిక్కంతా కోడ్ లేని వస్తువులతోనే. అడ్మిన్‌లో ఒకరు "గ్లౌజులు నీలం మంచివి 2 బాక్సులు" అని టైపు చేసి ఇండెంట్ పెడతారు. అది ఏ సైజో, ఏ బ్రాండో మీరు ఫోన్ చేసి కనుక్కోవాలి. తర్వాత పీవోలో (కొనుగోలు ఆర్డరులో) ఒక వర్ణన, మీ బిల్లులో ఇంకో వర్ణన. అకౌంట్స్‌లో బిల్లు ఆగిపోతుంది. కేటలాగ్ అడగడానికి కస్టమర్ వైపు ఉన్న పెద్ద కారణం ఇదే. అది మీకూ మేలే చేస్తుంది.

## హోస్టెడ్ కేటలాగ్

మీరు ఒక ఫైల్ ఇస్తారు. అది కస్టమర్ సిస్టమ్‌లోకి ఎక్కుతుంది. ఉద్యోగి అక్కడే వెతుకుతాడు, అక్కడే కార్టులో వేస్తాడు. అరిబాలో ఆ ఫైల్‌ను సీఐఎఫ్ అంటారు. సప్లయర్ పార్ట్ నంబరు, వర్ణన, వర్గీకరణ కోడ్, యూనిట్ రేటు, యూనిట్, ఎన్ని రోజుల్లో ఇస్తారు లాంటి కాలమ్‌లుంటాయి. కూపాలో అయితే సీఎస్‌వీ ఫైల్‌ను (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ పట్టికను) సప్లయర్ పోర్టల్ నుంచే ఎక్కించవచ్చు. జర్మన్ కంపెనీల యూనిట్లకు సరుకు వేస్తుంటే బీఎంఈక్యాట్ అనే మాట వినబడవచ్చు. అది జర్మనీ కొనుగోలు నిపుణుల సంఘం 1999లో మొదలుపెట్టిన ఎక్స్ఎంఎల్ పద్ధతి. దాని వెంట ఈక్లాస్ వర్గీకరణ కూడా అడుగుతారు. పేర్లకు బెదరక్కర్లేదు, లోపల ఉండేది అవే కాలమ్‌లు.

దీనికున్న బలం కస్టమర్ ఉద్యోగికి కనిపించే తీరు. అతను "గ్లౌజు" అని కొడితే నలుగురు సప్లయర్ల సరుకు పక్కపక్కన కనిపిస్తుంది. మీ ఫోటో బావుండి, వర్ణన స్పష్టంగా ఉంటే మీదే ఎంచుకుంటాడు. వెబ్‌సైట్ అక్కర్లేదు, సర్వర్ అక్కర్లేదు. ఒక మనిషి, ఒక ఎక్సెల్ చాలు.

బలహీనత రేటు దగ్గర బయటపడుతుంది. కొత్త రేట్లతో ఫైల్ ఎక్కించగానే అవి అమలులోకి రావు. పాత ఫైల్‌కూ కొత్త ఫైల్‌కూ తేడా పర్చేజ్ మనిషి ముందుకు వెళ్తుంది, ఆయన ఒప్పుకున్నాకే మారుతుంది. ఆయన సెలవులో ఉంటే? ఈలోగా వచ్చిన ఆర్డర్లన్నీ పాత రేటుకే. నూటికి రెండు రూపాయలు పెరిగే స్టేషనరీ అయితే ఓర్చుకోవచ్చు. రాగి కేబుల్ వేసేవాడికి అలా ఎదురుచూసే రోజులు లాభాన్నంతా తినేస్తాయి. అందుకే హోస్టెడ్‌కు ఒప్పుకునేముందు కాంట్రాక్టులో ఒక వాక్యం రాయించుకోండి: రేటు మార్పు అడిగిన ఇన్ని పనిదినాల్లో జవాబు రాకపోతే ఆ ఐటెమ్‌ను కేటలాగ్‌లోంచి తాత్కాలికంగా తీసేసే హక్కు మాకుంటుంది. రేటు పెంచుకునే హక్కు అడిగితే ఎవరూ ఇవ్వరు. ఐటెమ్ ఆపే హక్కు అడిగితే చాలామంది ఇస్తారు.

సీఐఎఫ్‌లో ఇంకో గుంట ఉంది. ఫైల్ పైభాగంలో అది పూర్తి ఫైలా, మార్పుల ఫైలా అని చెప్పే లైను ఒకటి ఉంటుంది. రేటు మారిన 20 ఐటెమ్‌లే పంపుతూ అక్కడ "పూర్తి" అని ఉంచేస్తే, మిగతావన్నీ కేటలాగ్‌లోంచి పోతాయి. సిస్టమ్ దాన్ని తప్పుగా చూడదు, మీరు చెప్పినట్టే చేసింది కదా. ఆర్డర్లు తగ్గాయేమిటని ఆరా తీస్తే తప్ప బయటపడదు.

## పంచౌట్

ముందు ఇది నడిచే తీరు చూద్దాం. సేల్స్‌వాళ్లు చెప్పేటప్పుడు ఈ భాగం దాటేస్తారు.

కస్టమర్ ఉద్యోగి తన కొనుగోలు సిస్టమ్‌లో మీ కంపెనీ బొమ్మ నొక్కుతాడు. ఆ సిస్టమ్ మీ సర్వర్‌కు ఒక సందేశం పంపుతుంది: మేము ఫలానా, ఇదిగో మనిద్దరికీ తెలిసిన రహస్య సంకేతం, ఈ మనిషిని లోపలికి రానివ్వండి. మీ సర్వర్ సరిచూసుకుని ఒక వెబ్ చిరునామా తిరిగి ఇస్తుంది. ఉద్యోగి బ్రౌజర్ మీ సైట్‌లోకి వస్తుంది. అతనికి ఆ కంపెనీతో ఒప్పుకున్న రేట్లే కనిపిస్తాయి. కార్టు నింపి చెకౌట్ నొక్కితే డబ్బు పేజీ రాదు. కార్టు మొత్తం కస్టమర్ సిస్టమ్‌లోకి తిరిగి వెళ్తుంది. అక్కడ రిక్విజిషన్ (కొనుగోలు అభ్యర్థన) అవుతుంది, మేనేజర్ ఆమోదిస్తాడు, ఆ తర్వాతే పీవో వస్తుంది.

అంటే చెకౌట్ నొక్కిన రోజుకూ పీవో వచ్చిన రోజుకూ మధ్య పది రోజులు గడవచ్చు. పీవోలో ఉండేది కార్టు తిరిగి వెళ్లిన రోజు రేటు. రేటు మన చేతిలోనే ఉంటుందని పంచౌట్ పెట్టుకున్నవాళ్లు ఇక్కడ తెల్లబోతారు. ఒకసారి కార్టు వెళ్లిపోయాక ఆ రేటుకు ఎన్ని రోజులు కట్టుబడి ఉంటారో ముందే ఒప్పుకోవాలి. స్టాకూ అంతే. ఈరోజు సైట్‌లో "ఉంది" అని చూపింది పీవో వచ్చేసరికి అయిపోయి ఉండొచ్చు.

మీ సైట్, కస్టమర్ సిస్టమ్ మాట్లాడుకునే భాషలు రెండున్నాయి. సీఎక్స్ఎంఎల్‌ను అరిబా 1999లో తెచ్చింది. కూపా, ఒరాకిల్, జ్యాగర్ కూడా దాన్ని మాట్లాడతాయి. కార్టుతో పాటు పీవో, డెలివరీ సమాచారం, బిల్లు కూడా దాంతోనే పంపుకోవచ్చు. ఓసీఐ ఎస్ఏపీది. తేలికగా పెట్టొచ్చు, కానీ కార్టును తిరిగి ఇవ్వడంతోనే దాని పని అయిపోతుంది. పీవో మెయిల్లోనో మరో దారిలోనో రావాలి. కస్టమర్ "ఎస్ఏపీ వాడతాం" అన్నాడంటే ఏదో ఒకటి ఖాయమని కాదు. అరిబా అయితే సీఎక్స్ఎంఎల్, నేరుగా ఎస్ఏపీలోంచే కొంటుంటే ఎక్కువగా ఓసీఐ. అడిగి తెలుసుకోండి.

ఖర్చు గురించి కొంచెం ఎక్కువగానే చెప్పాలి. మీకు ఇప్పటికే మజెంటోలోనో, షాపిఫైలోనో, వూకామర్స్‌లోనో సైట్ ఉంటే దాని పక్కన పెట్టే కనెక్టర్లున్నాయి. ట్రేడ్‌సెంట్రిక్ లాంటి సంస్థల పని ఇదే, పాతవాళ్లకు అది పంచౌట్‌టుగో పేరుతో తెలుసు. సొంతంగా రాయించుకోవచ్చు కూడా, ప్రోగ్రామర్‌కు మొదటి కస్టమర్ పని పెద్ద కష్టం కాదు. రెండో కస్టమర్ దగ్గర తెలుస్తుంది అసలు సంగతి. వాళ్ల యూనిట్ కోడ్లు వేరు, వాళ్లకు కావాల్సిన అదనపు గడి వేరు, టెస్ట్ సిస్టమ్ వేరు, టెస్టింగ్‌కు వాళ్ల ఐటీ మనిషి దొరికే రోజు వేరు. ఇక అరిబా నెట్‌వర్క్‌లో పంచౌట్ లాంటి అనుసంధానాలకు స్టాండర్డ్ అకౌంట్ చాలదు, ఎంటర్‌ప్రైజ్ అకౌంట్ కావాలి. దానికి లావాదేవీల పరిమాణాన్ని బట్టి సప్లయరే రుసుము కట్టాలి. ఈ రుసుమును మీ మార్జిన్‌లో కలుపుకున్నారా? కలుపుకోకుండా రేటు ఇచ్చేసి తర్వాత చేతులు నలుపుకునేవాళ్లే ఎక్కువ.

నడుస్తున్న పంచౌట్ ఉన్నట్టుండి ఆగిపోవడమూ మామూలే. సైట్ ఎస్ఎస్ఎల్ (భద్రతా) సర్టిఫికెట్ గడువు తీరుతుంది. లేదా బ్రౌజర్ మారుతుంది. 2020 ఫిబ్రవరిలో క్రోమ్ బ్రౌజర్ కుకీల (సైట్లు మనిషిని గుర్తుపెట్టుకోవడానికి బ్రౌజర్‌లో ఉంచే చిన్న గుర్తుల) నిబంధన కఠినం చేసింది. కస్టమర్ పేజీలో ఫ్రేమ్ లోపల తెరుచుకునే పంచౌట్ సైట్లు, తమ కుకీలను కొత్త పద్ధతికి మార్చుకోకపోతే, లోపలికి వచ్చిన మనిషిని గుర్తుపట్టలేకపోయాయి. లాగిన్ పేజీ మళ్లీ రావడం, కార్టు ఖాళీ అయిపోవడం, ఇలాంటివి. సప్లయర్ ఏమీ ముట్టుకోలేదు, కస్టమరూ ఏమీ ముట్టుకోలేదు. ఇలాంటివి జరిగినప్పుడు ఫోన్ ఎత్తి సరిచేసే మనిషి మీకు లేకపోతే పంచౌట్ జోలికి పోకండి.

లెవల్ 2 పంచౌట్ అని ఒక మధ్యమార్గం కూడా ఉంది. ఐటెమ్‌ల పేర్లు కస్టమర్ సిస్టమ్ వెతుకులాటలో కనిపిస్తాయి, నొక్కితే మీ సైట్‌లో ఆ ఐటెమ్ దగ్గరికే వెళ్తుంది. మామూలు పంచౌట్‌లో, అంటే లెవల్ 1లో, ఉద్యోగి మీ బొమ్మ నొక్కితేనే మీరున్నట్టు తెలుస్తుంది. మీ పేరు తెలియని ప్లాంట్‌లో కొత్త ఇంజనీరు "బేరింగ్" అని వెతికితే హోస్టెడ్ పెట్టిన మీ పోటీదారే కనిపిస్తాడు. అందుకే పంచౌట్ తప్పదనుకుంటే లెవల్ 2 వీలవుతుందా అని మొదటే అడగండి. రెండు రకాల పనీ పడుతుందన్న మాట నిజమే.

## మార్కెట్‌ప్లేస్‌లు, జెమ్

అమెజాన్ బిజినెస్ మన దేశంలో 2017లో మొదలైంది. అది తనే పెద్ద కంపెనీల సిస్టమ్‌లకు పంచౌట్‌గా అతుక్కుంటుంది. మోగ్లిక్స్ లాంటివి పారిశ్రామిక సామాను మొత్తం తామే తెచ్చిపెడతామని కంపెనీలతో మాట్లాడుకుంటాయి. వాటిలో మీరు ఒక అమ్మకందారుగా ఉండొచ్చు. కొత్త ఆర్డర్లు రావచ్చు. కానీ ఇప్పటికే పదేళ్లుగా నేరుగా కొంటున్న కస్టమర్‌ను మీరే అక్కడికి పంపడంలో నాకైతే తెలివి కనిపించదు. కమిషన్ పోతుంది, మీ పక్కనే ఇంకో పది రేట్లు కనిపిస్తాయి. ఇండియామార్ట్ ఈ లెక్కలోకి రాదు. అది ఎంక్వైరీలు తెచ్చే చోటు, కస్టమర్ కొనుగోలు సిస్టమ్‌లో మీ కేటలాగ్ పని చేయదు.

జెమ్ సంగతి వేరు. 2016 ఆగస్టులో మొదలైన ఈ ప్రభుత్వ పోర్టల్‌లో దొరికే వస్తువులను కేంద్ర శాఖలు అక్కడే కొనాలని 2017 ఆర్థిక నిబంధనల్లో 149వ నిబంధన చెబుతోంది. రామచంద్రాపురం బీహెచ్ఈఎల్, విశాఖ ఉక్కు లాంటి ప్రభుత్వ రంగ సంస్థలకు సరుకు వేసేవాళ్లకు ఎటూ తప్పదు. ఫార్మా, ఐటీ కంపెనీలకు వేసేవాళ్లకు జెమ్‌తో ఈ విషయంలో పనిలేదు. ఒక మేలు మాత్రం ఉంది. జెమ్ కోసం ఒకసారి స్పెసిఫికేషన్లు, ఫోటోలు, బ్రాండు పత్రాలు సర్దుకున్నవాళ్లకు హోస్టెడ్ కేటలాగ్ డేటాలో చాలా భాగం చేతిలో ఉన్నట్టే.

## ఏది ఎంచుకున్నా తప్పని డేటా పని

అసలు కష్టం ఇక్కడే. పంచౌట్ పెడితే ఈ పని తప్పుతుందని కొందరు అనుకుంటారు. మీ సైట్‌లో ఉండేదీ ఇదే డేటా.

వర్ణనతో మొదలుపెడదాం. ట్యాలీలో మీ కుర్రాడు ఎక్కించుకున్న పేరు "బేరింగ్ 6205". మీకు అది చాలు. కస్టమర్ ఇంజనీరుకు చాలదు. "డీప్ గ్రూవ్ బాల్ బేరింగ్, 6205-2జెడ్, లోపలి వ్యాసం 25 మి.మీ., బయటి వ్యాసం 52 మి.మీ., వెడల్పు 15 మి.మీ., రెండువైపులా మెటల్ షీల్డ్, బ్రాండు ఫలానా" అని ఉండాలి. వస్తువు పేరు ముందు, కొలతలు మధ్యలో, బ్రాండు చివర. తయారీదారు పార్ట్ నంబరుకు విడిగా ఒక కాలమ్. అన్ని ఐటెమ్‌లకూ ఒకే వరుస పాటిస్తే వెతుకులాటలో పక్కపక్కన పోల్చుకోవడానికి వీలవుతుంది.

తర్వాత యూనిట్. నష్టం ఎక్కువగా జరిగేది ఈ ఒక్క గడిలోనే. నైట్రైల్ గ్లౌజులు 100 పీసుల బాక్సుగా అమ్ముతారు. రేటు బాక్సుకు 450 అనుకుందాం. యూనిట్ గడిలో "బాక్సు" కోడ్ బదులు "ఒక్కటి" కోడ్ పడింది. స్టోర్స్ మనిషి వంద గ్లౌజులు కావాలని 100 కొట్టాడు. పీవో 45,000 రూపాయలకు వచ్చింది. చూసుకోకుండా మీవాళ్లు వంద బాక్సులు పంపేశారు. తిరిగి తెచ్చుకునే ట్రాన్స్‌పోర్ట్ ఎవరిది, క్రెడిట్ నోట్ ఎప్పుడు, నెలరోజుల రాతకోతలు. యూనిట్ కోడ్లు అంతర్జాతీయంగా నిర్ణయించినవే వాడాలి. మీ అలవాటు ప్రకారం "నంబర్లు" అని రాస్తే ఫైల్ తిరిగొస్తుంది. బాక్సులో ఎన్ని ఉన్నాయో వర్ణనలో కూడా రాసెయ్యండి.

కోడ్లు రెండు రకాలు, రెండింటినీ కలిపేయకూడదు. హెచ్ఎస్ఎన్ పన్ను కోసం. రబ్బరు గ్లౌజులకు 4015, బాల్ బేరింగులకు 8482. టర్నోవర్ 5 కోట్లు దాటితే బిల్లులో ఆరంకెలు ఉండాలి. యూఎన్ఎస్‌పీఎస్‌సీ అనేది కస్టమర్ ఖర్చు లెక్క కోసం. ఎనిమిదంకెలు, రెండేసి అంకెలకు ఒక మెట్టు. రక్షణ గ్లౌజులకు 46181504. కస్టమర్ సిస్టమ్‌లో ఎవరు ఆమోదించాలి, ఏ పద్దు కింద పడాలి అన్నది చాలాచోట్ల ఈ కోడ్ మీదే ఆధారపడుతుంది. తప్పు కోడ్ వేస్తే గ్లౌజుల రిక్విజిషన్ ఐటీ మేనేజర్ దగ్గరికి పోయి కూర్చుంటుంది. ఆలస్యం ఎందుకో మీకు అర్థం కాదు.

రేటు ఎప్పుడూ పన్ను లేకుండానే ఇవ్వండి. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ స్లాబులు మారినప్పుడు పన్ను కలిపి రేట్లు పెట్టుకున్నవాళ్లు ఐటెమ్ ఐటెమ్‌కూ లెక్క తిరగరాయాల్సి వచ్చింది. పన్ను వేరుగా ఉంచినవాళ్లు శాతం మార్చుకుని ఊరుకున్నారు.

ఇక ఎక్సెల్. పార్ట్ నంబరు "00471" అని కొడితే ముందున్న సున్నాలు మింగేస్తుంది. "10-12" అంటే తేదీ చేసేస్తుంది. అంకెల మధ్య ఇంగ్లిష్ "ఇ" అక్షరం ఉన్న పార్ట్ నంబరు దానికి పెద్ద గణితం లెక్క. కాలమ్‌ను ముందే టెక్స్ట్‌గా మార్చి ఆ తర్వాతే డేటా పెట్టండి. సీఎస్‌వీగా సేవ్ చేశాక దాన్ని మళ్లీ ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేసి చూడకండి, నోట్‌ప్యాడ్‌లో చూడండి. ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేస్తే చేసిన పనంతా మళ్లీ మొదటికొస్తుంది.

## ఎవరికి ఏది

రెండు మూడు వందల ఐటెమ్‌ల ట్రేడర్, ఒకరిద్దరు పెద్ద కస్టమర్లు. హోస్టెడ్. ఆలోచించే పనే లేదు. పంచౌట్‌కు పెట్టే డబ్బుతో మంచి ఫోటోలు తీయించి, డేటా చూసుకునే మనిషికి సగం జీతం ఇవ్వొచ్చు.

ల్యాబ్ కెమికల్స్, గాజు సామాను డీలర్. ఇది కష్టమైన కేసు. ఐటెమ్‌లు వేలల్లో, ఒక్కో కెమికల్‌కు నాలుగైదు ప్యాకింగ్‌లు, రేట్లు తరచుగా కదులుతాయి. పుస్తకం ప్రకారం పంచౌట్. కానీ మెర్క్, థర్మో ఫిషర్ లాంటి తయారీదారులకే పెద్ద పంచౌట్ సైట్లున్నాయి, వాటితో సైట్ పోటీ మీరు పడలేరు. మీ బలం గోడౌన్‌లో ఉన్న సరుకు, రేపటికి చేరవేయగలగడం. కాబట్టి జీనోమ్ వ్యాలీలోని కస్టమర్ ఎక్కువగా కొనే ఐదారు వందలు హోస్టెడ్‌లో పెట్టండి, మిగతావి కొటేషన్ మీదే నడవనివ్వండి. మూడో కస్టమర్ కూడా కేటలాగ్ అడిగిన రోజు పంచౌట్ లెక్క మళ్లీ వేసుకోండి.

ప్రింటింగ్, యూనిఫాంలు, లేబుళ్లు, ఐడీ కార్డులు. ఇరవై ఐటెమ్‌లే ఉన్నా పంచౌటే. ఉద్యోగి పేరు, హోదా, సైజు మీ సైట్‌లో నింపి ప్రూఫ్ చూసుకుని ఓకే అనాలి. హోస్టెడ్‌లో ఇది చేయబోతే కార్ట్ కామెంట్లలో పేర్లు రాస్తారు, అక్షరదోషాల గొడవ మీ మీదికే వస్తుంది.

కేబుల్, పైపులు, లోహం సామాను. రేటు కదిలే సరుకు కాబట్టి పంచౌట్ అంటారు అందరూ. నేను ముందు కాంట్రాక్టునే మార్చుకోమంటాను. లోహం రేటుకు ముడిపెట్టిన సూత్రం, నెలకోసారి సవరణ తేదీ ఒప్పుకుంటే హోస్టెడ్‌లోనే నడుస్తుంది. కస్టమర్ సూత్రానికి ఒప్పుకోకపోతే పంచౌట్ పెట్టినా రోజూ రేటు మార్చనివ్వడు.

డ్రాయింగ్ చూసి చేసే ఫ్యాబ్రికేషన్, జాబ్‌వర్క్. కేటలాగ్ వద్దని చెప్పేయండి. గంట రేటు, కిలో రేటు లాంటి నాలుగు వరుసల రేట్ కార్డు ఇస్తే సరిపోతుంది. ఏఎంసీలు (వార్షిక నిర్వహణ కాంట్రాక్టులు), క్యాబ్‌లు, మ్యాన్‌పవర్ ఇచ్చేవాళ్లకూ ఇదే మాట.

మీరు అటువైపు, పర్చేజ్‌లో ఉంటే. చిన్న సప్లయర్ల మీద పంచౌట్ రుద్దకండి. వాళ్ల సైట్ ఆగిన రోజు ప్లాంట్‌లో తిట్లు పడేది మీకే. పంచౌట్ ఇచ్చిన పెద్ద సప్లయర్ల రేట్లను మాత్రం నెలకోసారి కొన్ని ఐటెమ్‌లు ఎంచి కాంట్రాక్టుతో సరిచూడండి. రేటు వాళ్ల చేతిలో ఉందని గుర్తుంటే చాలు. హోస్టెడ్‌లో రేటు ఆమోదాలు మీ దగ్గరే ఆగుతుంటాయి, మీరు లేనప్పుడు ఎవరు చూస్తారో రాసిపెట్టండి.

## టిక్ పెట్టేముందు అడగాల్సినవి

అరిబా అయినా, కూపా అయినా, ఏ ప్లాంట్లకు ఈ కేటలాగ్ కనిపిస్తుంది? నెట్‌వర్క్ రుసుము ఎవరిది? రేటు మార్పుకు ఎన్ని రోజుల్లో జవాబిస్తారు? పంచౌట్ కార్టు రేటు ఎన్ని రోజులు నిలబడాలి? టెస్టింగ్‌కు మీ వైపు మనిషి ఎవరు? కనీస ఆర్డరు విలువ పెట్టుకోవచ్చా? ఇది మరిచిపోతే 80 రూపాయల మార్కర్ పెన్ను కోసం పటాన్‌చెరుకు ఆటో కట్టాల్సి వస్తుంది.

బిల్లు గురించీ అడగండి. నెట్‌వర్క్‌లో బిల్లు ఎక్కించినంత మాత్రాన ఐఆర్ఎన్ (ఇ-ఇన్వాయిస్ నమోదు నంబరు) రాదు. 2023 ఆగస్టు నుంచి 5 కోట్లు దాటిన వ్యాపారాలకు ఇ-ఇన్వాయిస్ తప్పనిసరి కాబట్టి ఇ-ఇన్వాయిస్ పోర్టల్ పని విడిగా ఉంటుంది. ఆ పీడీఎఫ్ జతచేయాలా, ఏ నంబరు ఎక్కడ రాయాలి, రెండింట్లో తేడా వస్తే దేన్ని ప్రమాణంగా తీసుకుంటారు అన్నది ముందే తెలిసి ఉండాలి.

ఈ ప్రశ్నలన్నీ ఫోన్‌లో కాకుండా మెయిల్‌లోనే అడగండి. కాంట్రాక్టు ముగిసేలోగా పర్చేజ్‌లో మనిషి మారవచ్చు. కొత్తగా వచ్చినాయనకు చూపించడానికి మీ దగ్గర మిగిలేది ఆ మెయిలే.